ఎనిమిది చుట్లు

ఎదురింటి మేడ మీద పెద్దావిడ తన తోడికోడలితో అన్నదట. ఆ తోడికోడలు మొగుడి చొక్కా వదులు చేయించడానికి వచ్చి, కడుపులో మాట దాచుకోలేని మనిషి కాబట్టి, టైలరమ్మతోనే అనేసింది.

"మీ ఇంట్లో బల్ల మీద ఏదో కోసి పరిచారటగా? పేగులన్నీ బయటికి వేలాడుతున్నాయట. మీ ఆయన లైటు పట్టుకుని నిలబడితే మీరు చువ్వ పట్టుకుని కెలుకుతున్నారట. 'మొగుడు కాంపౌండరూ, పెళ్లాం డాక్టరూ అయిందేంటే?' అని మా అక్క ఒకటే నవ్వు!"

టైలరమ్మ పెదాల మధ్య గుండుసూదులున్నాయి. జవాబు చెప్పకపోవడానికి అదొక వంక దొరికింది. "ఊఁ" అని ఊరుకుంది.

"కంప్యూటరంట కదా. అంత పాతదాన్ని పట్టుకుని వేలాడే బదులు కొత్తది కొనుక్కోవచ్చుగా అంది. అసలు జబ్బు దానిదేనా అని కూడా అందిలెండి. అక్కే అంది, నేననలేదమ్మా!"

గుండుసూది ఒకటి చొక్కాలోకి దిగాల్సింది వేలిలోకి దిగింది.

నోళ్లకు కుట్టు వేసే సూది ఇంతవరకూ ఎవరూ చేయలేదు. చేసి ఉంటే టైలరమ్మ ముందు ఆ ఎదురింటి గుమ్మానికే పోయేది. కానీ మేడ మీద ఆవిడ అన్న ఆఖరి మాట ఆమెకు కొత్త కాదు. పదిహేను రోజులుగా రాత్రీ పగలూ తనలో తాను అనుకుంటున్న మాటే. బయటి నోట వినేసరికి అది ఇంకాస్త నిజమైనట్టు అనిపించింది.

కథ ఎక్కడ మొదలైందో ఒకసారి చెప్పుకుందాం. టైలరమ్మ మొగుడు ఇరవై రెండేళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాడు, అందుకే అందరికీ గీతలయ్య. ఆయన గీసినవి కట్టేది మేస్త్రీ. ఇద్దరూ చుట్టాలు కారు గానీ బావా అంటే బావా అనుకుంటారు. టైలరమ్మ మేస్త్రీకి చెల్లెమ్మ. కూలీలకు మేస్త్రీ చెప్పే మాట ఒక్కటే: "గీతలయ్య గీశాడంటే కట్టడమే. అడగడాల్లేవు." ఆ నమ్మకమే పోయిన నెల కొంప ముంచింది. ప్లానులో ఒక గదికి నాలుగు గోడలున్నాయి, తలుపు లేదు. కూలీలు అడగలేదు. కట్టుకుంటూ పోయారు. గోడ ఛాతీ ఎత్తుకు వచ్చాక లోపల నిలబడి ఇటుకలు పేరుస్తున్న మనిషి అటూ ఇటూ చూసి, "ఓ మేస్త్రీ! సాయంత్రం నేనింటికి పోవాలంటే ఎటు పోవాలి?" అని అరిచాడు. అందరూ పడీపడీ నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లి, "నాదే తప్పు సార్, చూసుకోకుండా పూడ్చేశాం" అని తప్పంతా తన నెత్తిన వేసుకుని గోడ పగలగొట్టించాడు.

గీతలయ్య చెప్పింది ఒకటే. సిస్టమ్ ముసలిదైపోయింది. నొక్కితే పలకదు, పలికితే తప్పు పలుకుతుంది. తను తలుపు పెట్టాడు, అదే మింగేసింది. అంతకు ముందు గోడలోకి ఎక్కిపోయిన మెట్లూ, ఒకే ఇంట్లో రెండు వంటగదులూ, అన్నీ దాని నిర్వాకమే. "లోపలి ప్రాసెసర్లు రెండూ మార్చేశానంటే గుర్రంలా పరిగెత్తుద్ది చూడు" అన్నాడు. మేస్త్రీ సరేనన్నాడు. అదే ఇంటికి పై అంతస్తు ప్లాను సోమవారానికి కావాలి, ఈలోపు మార్చుకో అన్నాడు. ఇంకెవరి చేతా గీయించనని కూడా అన్నాడు.

ఇప్పుడు టైలరమ్మకు కావలసింది కూడా ఒక్కటే. తప్పు ఆ సిస్టమ్‌దే కావాలి.

*

ఆదివారం పొద్దున్న బట్టలు కత్తిరించే బల్ల ఖాళీ చేశారు. దాని మీద పాత దుప్పటి పరిచి, మోకాలెత్తు ఇనప పెట్టెను పక్కకు పడుకోబెట్టారు. మూతపడిన వీడియో స్టూడియో నుంచి కొన్నది. అందరిళ్లలో ఉండే కంప్యూటర్‌కు ఒక ప్రాసెసరుంటే దీనికి రెండు. కాడికి కట్టిన జోడెడ్లలాగా పక్కపక్కనే కూర్చుని బరువు పంచుకుంటాయి. కాడికి ఒకవైపు పొగరెద్దునీ, ఇంకోవైపు మొండెద్దునీ కడితే నాగటిచాలు వంకరపోతుంది కదా. ఇదీ అంతే. మారిస్తే రెండూ మార్చాలి, రెండూ ఒక్క జాతివే కావాలి. ఆ జోడును వెతికి పట్టుకోవడానికి గీతలయ్యకు నెల పట్టింది.

పని మాత్రం పెళ్లానికి అప్పజెప్పాడు. "చొక్కా గుండీలు కుట్టే చెయ్యి నీది. అంత చిన్న స్క్రూలు నీకే లొంగుతాయి. నేను చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు. పదిరోజుల నాడే ఇదే బల్ల మీద పెట్టె మూత విప్పి, తను లైటు పట్టుకుని, ఆమె చేతికి చువ్వ ఇచ్చి పాఠం చెప్పాడు కూడా. ఎదురింటి మేడకు కనబడింది అదే. ఆ పాఠం ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇదిగో, బాగా విను. పాత ప్రాసెసర్లకి నెత్తిన మూత లేదు. కొత్తవాటికి రేకు మూత ఉంది. అంటే ఇవి కాస్త ఎత్తు. కింద గూట్లో వెంట్రుకల్లాంటి ముళ్లు వెయ్యికి పైగా ఉంటాయి. వేడి లాగే రేకుల దిమ్మను వీటి మీద పాతవాటికి బిగించినట్టు అడుగంటా బిగించావనుకో, ఆ ముళ్లు నలిగి చస్తాయి. బోర్డు మొత్తం చెత్తబుట్టకే. ఒక్కో స్క్రూకి ఎనిమిది చుట్లు. ఎనిమిదంటే ఎనిమిదే. ఆ తర్వాత ఎవరు తిప్పమన్నా తిప్పొద్దు. నేను తిప్పమన్నా తిప్పొద్దు!"

చివరి మాటకు ఆమె ఆ రోజు నవ్వింది. నవ్వుతూనే, ఎంతైనా కొలతల మనిషి కదా, బల్ల అంచు మీద సుద్దతో '8' వేసుకుంది.

మొదటి ప్రాసెసరు దగ్గర గీతలయ్య పాత గీతలయ్యే. ముందు ఇనప పెట్టెను చేత్తో తాకమన్నాడు, ఒంట్లో కరెంటు దిగిపోవాలని. రేకుల దిమ్మను ఎత్తించాడు. దాని అడుగున, వేడిని దిమ్మకు చేరవేసే పాత పేస్టు ఎండి, కడగని గిన్నెకు అంటుకున్న పిండిలా ఉంది. స్పిరిట్‌లో ముంచిన నూలుగుడ్డ ముక్కలతో తుడిపించాడు.

"మెల్లిగా తుడువు. నా బుగ్గలు తుడిచినట్టు."

"మీ బుగ్గలు నేనెప్పుడు తుడిచానండీ?"

"అందుకే కదా చెప్తున్నా, అలవాటు లేదు నీకు."

ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. కొత్త ప్రాసెసరు మూల మీద ఉన్న బంగారు గుర్తును గూటి మూలకు సరిచూసి, ఊపిరి బిగబట్టి దించింది. నొక్కాల్సిన పని లేకుండా, తెలిసిన ఇంట్లోకి వచ్చినట్టు కూర్చుంది అది. దాని నెత్తిన బియ్యపుగింజంత కొత్త పేస్టు పెట్టించాడు. దిమ్మను మళ్లీ దించి, అలెన్ కీతో, అదే ఆ ఆరు పలకల చువ్వతో, ఒక్కో స్క్రూకీ ఎనిమిది చుట్లు తిప్పింది. ఇద్దరూ కలిసి పైకే లెక్కపెట్టారు. ఆఖరి ఎనిమిది దగ్గర ఆయన "ఆపు!" అని లైటు ఊపాడు, రైలు ఆపేవాడిలా.

ఎంత తేలిగ్గా ఉంది ఆమె గుండె! ఇంత గుర్తున్న మనిషికి తలుపెలా మరుపొస్తుంది? ఇంత వివరంగా చెప్పే మనిషిలో లోపం ఏముంటుంది? అంతా ఆ పెట్టెలోనే. మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది. సాయంత్రం ఎదురింటి మేడ మీదికి తనే ఎక్కి చెప్పొస్తుంది.

ఆ ఉత్సాహంలోనే రెండోదానికి దిగారు. తుడవడం అయింది. కూర్చోబెట్టడం అయింది. పేస్టు పెట్టడం అయింది. దిమ్మ దించి ఒక్కో స్క్రూకీ ఎనిమిది తిప్పి, కీ పైకి తీసింది.

"తీశావేం? ఇంకా తిప్పు" అన్నాడు గీతలయ్య.

"ఎనిమిదైందండీ."

"ఎనిమిదేంటి? అడుగంటా తిప్పు. వదులుగా ఉంటే వేడి లాగదు."

ఆటపట్టిస్తున్నాడనుకుంది. తల ఎత్తి చూసింది. లైటు పట్టుకున్న చెయ్యి నిలకడగా ఉంది. మొహంలో నవ్వు లేదు.

"మీరే కదండీ చెప్పారు, ఎనిమిది దాటొద్దని? ముళ్లు నలుగుతాయని?"

"నేనా? ఎప్పుడు?"

"పది రోజుల కింద. ఇక్కడే, ఇదే బల్ల దగ్గర. ఇప్పుడు మొదటిదానికి కూడా ఎనిమిదే కదా తిప్పాం, ఇద్దరం లెక్కపెట్టాం."

"మొదటిదానికి అడుగంటా బిగించావు. లైటు పట్టుకుంది నేనే, నా కళ్లతో చూశా." గొంతు పెరిగింది. "ఇరవై రెండేళ్లుగా ఈ మిషన్లతో బతుకుతున్నా. నువ్వు నాకు చెప్తావేంటి? బట్టల మిషను కాదిది."

ఆమె బల్ల అంచు మీద వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఎనిమిది. సుద్దతో రాసుకున్నాను, మీరు చెప్తుంటేనే."

ఆయన వంగి చూశాడు. లైటు దాని మీద వేసి మరీ చూశాడు. "అది ఎవరిదో కాలరు కొలత అయ్యుంటుంది" అన్నాడు.

అబద్ధమాడే మనిషికి కళ్లు ఎక్కడో ఒకచోట జారతాయి. పంతొమ్మిదేళ్ల కాపురంలో గీతలయ్య కళ్లు ఎప్పుడు జారతాయో ఆమెకు తెలుసు. సినిమాకు వెళ్లొచ్చి సైటు దగ్గర ఆలస్యమైందన్న రోజున జారాయి. ఆమె తమ్ముడికి ఇస్తానన్నది ఇవ్వలేకపోయిన రోజున జారాయి. ఇప్పుడు జారలేదు. పలక మీద తుడిచేసినట్టు, పది రోజుల నాటి మాటా, పావుగంట నాటి లెక్కా ఆ కళ్లలో లేవు. చెరిపిన మరక కూడా లేదు. మనిషి నిజమే చెప్తున్నాడు. ఆయనకు ఉన్న నిజం అంతే.

టైలరమ్మకు చొక్కా అంతా చక్కగా కుట్టి, ఇస్త్రీ కూడా చేశాక, చెయ్యి దూరడానికి దారి వదల్లేదని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"తిప్పు" అన్నాడాయన మళ్లీ.

తిప్పితే గూడు నలుగుతుంది. సిస్టమ్ చస్తుంది. పై అంతస్తు పోతుంది. తిప్పకపోతే? నీ మాట నమ్మను అని ఆయన మొహం మీదే చెప్పినట్టు. ఇంట్లో ఇంతకాలం ఎవరూ అనని మాట, అంటే మళ్లీ వెనక్కి తీసుకోలేని మాట.

ఆమె కీని స్క్రూ మీద పెట్టింది. పెట్టి, గాడిలోంచి వెంట్రుకవాసి పైకి లేపింది. మణికట్టును గట్టిగా మూడుసార్లు తిప్పింది, పళ్లు బిగించి, బలం అంతా పెడుతున్నట్టు. స్క్రూ కదల్లేదు. ఒకదాని తర్వాత ఒకటి అన్నింటికీ అలాగే చేసింది. మొగుడితో నోటి అబద్ధాలు ఆడని ఇల్లాలు ఉంటుందా? అవి ఆమె కూడా ఆడింది, కూరలో ఉప్పు దగ్గర్నుంచి పుట్టింటి కబుర్ల దాకా. చేత్తో అబద్ధమాడటం మాత్రం ఇదే మొదలు.

"అదీ" అన్నాడు గీతలయ్య తృప్తిగా. "చెప్తే వినాలి."

*

నాలుగింటికి మేస్త్రీ వచ్చాడు. చెప్పులు విడుస్తూనే, "ఏం బావా, ఆపరేషన్ అయిందా? రోగి బతికాడా?" అన్నాడు.

"కుట్లేసింది మీ చెల్లెమ్మ. పోతే ఆమె బాధ్యత" అన్నాడు గీతలయ్య.

"మా చెల్లెమ్మ కుట్టు ఎప్పుడైనా ఊడిందా?"

టైలరమ్మ టీ పెట్టే వంకతో లోపలికి వెళ్లి, గిన్నె పొయ్యి మీద పెట్టి, పొయ్యి వెలిగించకుండానే తిరిగొచ్చింది.

గీతలయ్య మీట నొక్కాడు. ఫ్యాన్లు రంయ్‌మని లేచాయి. బొమ్మ రాలేదు. నల్ల తెర, దాని మీద ముగ్గురి మొహాలు మసగ్గా. పది లెక్కపెట్టేంతసేపు. ఇరవై.

"నేను చెప్పినట్టే బిగించావా?" అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

"బిగించాను."

ముప్పై. ఫ్యాన్ల రొద తగ్గింది. తెర తెల్లబడింది. గీతలయ్య గబగబా ఏదో నొక్కి లోపలి వివరాలు తెరిచాడు. రెండు ప్రాసెసర్లు. రెండూ పలుకుతున్నాయి, రెండింటి వేడీ పక్కపక్కనే ఉంది, ఒక గీత అటూ ఇటూ లేకుండా.

మేస్త్రీ గట్టిగా చప్పట్లు కొట్టాడు. గీతలయ్య ఆ అంకెల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పి పెళ్లాం వైపు అంతకంటే ఎక్కువసేపు చూశాడు. "ఎత్తు సరిగ్గా కుదిరింది. గూడు నలగలేదు" అన్నాడు మెల్లిగా. ఆమె తల దించుకుంది.

పాత ప్లాను తెరిచాడు. ఇదివరకు అది తెరుచుకునేలోపు ఆయన ఒక ఆవలింత ఆవలించేవాడు. ఇప్పుడు వేలు ఎత్తేలోపే ఇల్లంతా తెర మీద నిలబడింది. ఇంటిని ఇటు తిప్పితే ఇటు తిరిగింది, అటు తిప్పితే అటు. మేస్త్రీ నోరు తెరిచి, "నేనీ ఇల్లు ఇంత తొందరగా కట్టుంటే ఇప్పటికి ఊళ్లో సగం నాదే అయ్యేది" అన్నాడు.

అందరూ నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వింది, చేతులు ఒళ్లో పెట్టుకుని.

"ఊఁ, మరింకేం" అన్నాడు మేస్త్రీ కుర్చీ దగ్గరికి లాక్కుని. "పై అంతస్తుకి ముందు ఆ గదికి తలుపొకటి పెట్టేయ్ బావా. కాగితం మీద కూడా సరైపోతే నాకు నిద్ర పడుతుంది."

"అదెంతసేపు?" అన్నాడు గీతలయ్య.

మౌస్ మీద చెయ్యి వేశాడు. తెర మీద బాణం గది గోడ దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. పక్కన పనిముట్ల వరుస దగ్గరికి వెళ్లింది, ఒకదాని మీద నిలబడింది, అది కాదన్నట్టు దాని కిందిదాని మీదికి దిగింది. మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. గోడ చుట్టూ ఒకసారి తిరిగింది, కొత్తగా వచ్చిన ఊళ్లో ఇల్లు వెతుక్కునే మనిషిలా. ఇరవై రెండేళ్లలో ఆ చెయ్యి ఎన్ని వేల తలుపులు పెట్టి ఉంటుంది! టీ తాగుతూ, ఫోను మాట్లాడుతూ, చూడకుండానే పెట్టేది.

ఫ్యాను చప్పుడు సన్నగా, నిలకడగా ఉంది.

"ఆగుతోంది చూశారా" అన్నాడు గీతలయ్య. "ఇంకా ఆగుతోంది."

ఆగటం లేదు. టైలరమ్మ కూర్చున్న చోటికి స్పష్టంగా కనిపిస్తోంది. ఆయన వేలు ఇంత కదిలినా బాణం అంతే కదులుతోంది, రెప్పపాటు కూడా ఆలస్యం లేకుండా. ఏం చెప్తే అది చేయడానికి సిస్టమ్ సిద్ధంగా ఉంది. ఏం చేయమనాలో చెప్పేవాళ్లే లేరు. మేస్త్రీకి కంప్యూటర్ తెలియదు గానీ మనుషులు తెలుసు. ఆయన ఒకసారి చెల్లెమ్మ మొహంలోకి చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు.

"కొత్త ప్రాసెసర్లు కదా బావా" అన్నాడు గొంతు సవరించుకుని. "కొత్త గోడైనా నాలుగు రోజులు నీళ్లు తాగితే గానీ గట్టిపడదు. ఇవీ అంతేనేమో. అలవాటు పడనియ్."

"నేనే సరిగ్గా బిగించలేదేమోనండీ" అంది టైలరమ్మ, మొగుడి మోచెయ్యి పట్టుకుని. "రెండోదాని దగ్గర నా చెయ్యే ఎక్కడో తేడా చేసుంటుంది. రేపు మళ్లీ విప్పి చూస్తాను. మీరు పక్కనుండి చెప్పండి, చెప్పినట్టే చేస్తాను. ఈసారి ఎదురు చెప్పను."

"అంతే, అంతే" అన్నాడు మేస్త్రీ. లేచి నిలబడ్డాడు కూడా. "తొందరేం లేదు. సోమవారం కాకపోతే గురువారం. ఓనరుకి నేనేదో చెప్తాలే. గురువారం సాయంత్రం వచ్చి ప్లాను పట్టుకెళ్తా. ఈలోపు మిషను సర్దుకుంటుంది. ఏమంటావ్ బావా?"

గీతలయ్య మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. దాన్ని తీసుకెళ్లి తన ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో మూశాడు.

"రావొద్దు మేస్త్రీ" అన్నాడు. బావా అనలేదు. "మిషనుకేం కాలేదు. అది తేల్చుకోవడానికే దాని గుండెలు రెండూ మార్పించాను. పై అంతస్తు ఇంకెవరి చేతైనా గీయించుకో."